ఒక్కరోజు సెలవు: పదకొండు చోట్లు, ఒక్క ఆదివారం

గుంటూరు హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, ఏటా పిల్లల్ని ఎక్స్‌కర్షన్లకు తిప్పిన రిటైర్డ్ టీచరమ్మ పాఠకుల ప్రయాణ సందేహాలకు రాసే జవాబులు.

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి అత్తమామలు డిసెంబరులో పుణె నుంచి మా ఇంటికి వస్తున్నారు. తెలుగువాళ్ళే గానీ బెజవాడ ఎప్పుడూ చూడలేదట. ఊరు చూడటానికి ఒక్క ఆదివారమే ఉంది, రాత్రి 8 గంటలకు వాళ్ళ రైలు. దుర్గమ్మ గుడి, ఉండవల్లి గుహలు, మంగళగిరి, కొండపల్లి ఖిల్లా, కొండపల్లి బొమ్మలు, అమరావతి, భవానీ ద్వీపం, గాంధీ కొండ, మొగల్రాజపురం గుహలు, బాపు మ్యూజియం, గుణదల మేరీమాత గుడి అని లిస్టు రాసుకున్నాను. మావారు అది చదివి, నవ్వి, కాగితం మడిచి నా చేతికే ఇచ్చేశారు. ఏ వరుసలో వెళ్తే అన్నీ కుదురుతాయి? వియ్యాలవారి దగ్గర మాట పడకూడదని టెన్షన్‌గా ఉంది.
— ఒక సోదరి, పటమట

జవాబు: అమ్మా, మీవారు నవ్వినందుకు ఆయన్ని తప్పు పట్టలేను. కొండపల్లి హైదరాబాద్ రోడ్డులో ఉంది, మంగళగిరి గుంటూరు రోడ్డులో ఉంది, గుణదల ఏలూరు వైపు. అమరావతి ఏమో నది దాటి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఇవన్నీ ఒక్క రోజులో తిప్పితే పాపం మీ వియ్యపురాలికి బాగా గుర్తుండేది బెంజి సర్కిల్ సిగ్నలే.

1994లో నేనూ ఇదే పని చేశాను. ఎనిమిదో తరగతి పిల్లలు 46 మంది, ఒక అద్దె బస్సు, ఏడు చోట్లు. చోటుకి ఇరవై నిమిషాలు. విజిల్ వేయడం, హాజరు తీసుకోవడం, మళ్ళీ బస్సెక్కించడం. మర్నాడు "నిన్న చూసినవాటిలో నాకు నచ్చినది" అని వ్యాసం రాయమన్నాను. వెనక బెంచీ అమ్మాయి ఒకటిన్నర పేజీ రాసింది. మొత్తం మా బస్సు టైరు పంక్చరైన సంగతే! డ్రైవరు జాకీ ఎక్కడ పెట్టాడో బొమ్మ కూడా వేసింది. ముందు కోపం వచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ రోజు మేం ముప్పావు గంట కదలకుండా నిలబడి చూసింది ఆ టైరునే. పదికి తొమ్మిది మార్కులు వేశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఎక్స్‌కర్షన్‌లోనూ రెండున్నర చోట్లకు మించి పెట్టలేదు. రెండు చోట్ల దిగి, తీరిగ్గా కూర్చుని చూడాలి. అరచోటు అంటే దారిలో బండి కిటికీలోంచి చూసేది.

మీకు నేనిచ్చే రెండున్నర ఇవి: ఉండవల్లి, కొండపల్లి బొమ్మలు, మధ్యలో ప్రకాశం బ్యారేజి.

దుర్గమ్మను లెక్కలోంచి తీసేశానని కంగారు పడకండి. అమ్మవారి దర్శనం సైట్‌సీయింగ్ కాదు, దాన్ని గుహల పక్కన ఒక నంబరు వేసి రాయకూడదు. శనివారానికే వాళ్ళు వచ్చేస్తే ఆ సాయంత్రం వెళ్ళండి. లేదా ఆదివారం తెల్లారకముందే తలస్నానాలు చేసి కొండెక్కేయండి. ఒక్కటి మాత్రం ముందే కనుక్కోండి. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ పడుతుంది. ఆ నాలుగైదు రోజులూ ఎర్రబట్టలవాళ్ళు లక్షల్లో వస్తారు, ఇంద్రకీలాద్రి కింద కాలు పెట్టే చోటుండదు. మీ ఆదివారం వాటిలో పడిందా, కింద నుంచే దండం పెట్టుకుని కదలండి. అమ్మవారు ఏమీ అనుకోదు, వియ్యపురాలు కూడా అనుకోదు.

టిఫిన్ కానిచ్చి 8 గంటలకల్లా బ్యారేజి మీద ఉండండి. అద్దాలు దించుకుని నెమ్మదిగా వెళ్ళమని డ్రైవరుతో చెప్పండి. కిలోమీటరు పైనే పొడవు, 70 గేట్లు. వియ్యంకుడు గారు లెక్కలు అడిగే మనిషైతే ఈ కథ చెప్పండి. ఇక్కడ మొదట కట్టింది రాతి ఆనకట్ట, 1855లో పూర్తయింది. కాటన్ దొర ఆలోచన, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. మీ లిస్టులో ఉన్న గాంధీ కొండ పాత పేరు ఓర్ కొండే. 1968లో అక్కడ గాంధీ స్తూపం వెలిసింది, పాత పేరు జనం నోట్లోంచి పోయింది. దాదాపు వందేళ్ళు నిలబడ్డ ఆనకట్ట 1952 వరదకు గండి పడింది. ఇప్పుడు మనం నడిచే బ్యారేజి 1957లో పూర్తయింది, దానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు ఈ గేట్ల కిందుగానే పోయాయి. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. పుణెలో కూర్చుని వాళ్ళు ఇదంతా టీవీలో చూసే ఉంటారు. ఆ నీళ్ళు ఎక్కడివో, ఆ గేట్లు ఎక్కడివో ఇప్పుడు కళ్ళారా చూస్తారు.

బ్యారేజి దిగితే ఉండవల్లి దగ్గరే. ఇసుకరాతి కొండను తొలిచి చేసిన నాలుగు అంతస్తుల గుహ. విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, కింద నుంచి ఒక్కో అంతస్తులో ఒక్కో ఫొటో తీసుకుంటూ పావుగంటలో దిగిపోతారు. మీరు తిన్నగా అనంతపద్మనాభ స్వామి ఉన్న అంతస్తుకు వెళ్ళిపోండి. బయట ఎండలోంచి లోపలికి అడుగు పెడితే మొదట ఏమీ కనపడదు. గబ్బిలాల వాసన, చల్లటి రాయి, అంతే. సెల్‌ఫోన్ లైటు వేయనివ్వకండి. రెండు నిమిషాలు ఊరికే నిలబడమనండి. ముందు ఒక పాదం తేలుతుంది. తర్వాత మోకాలు. కళ్ళు అలవాటు పడేకొద్దీ అలా ఒక మనిషి ఆకారం పక్కకి సాగుతూనే ఉంటుంది. అయిదు మీటర్లకు పైనే పొడవు స్వామి, తల మీద శేషుడి పడగలు. నాభి కమలంలో బ్రహ్మ, పాదాల వైపు మధుకైటభులు. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ఈ రెండు నిమిషాల దగ్గరే 46 నోళ్ళూ మూతపడేవి. విజిల్‌తో కూడా నాకు ఎప్పుడూ అంత నిశ్శబ్దం దొరకలేదు.

బయటికొచ్చాక వరండా అంచున కూర్చున్న ఋషుల విగ్రహాలు చూపించండి. పక్కన సింహాలు. వాళ్ళు కూర్చున్న తీరు చూసి మా పిల్లవాడొకడు "స్టాఫ్ రూములా ఉంది టీచర్" అన్నాడు. అప్పటి నుంచి నాకూ అలాగే కనిపిస్తుంది, ఏం చేయను. దిగేటప్పుడు అడుగు అంతస్తు చూడండి. అక్కడ పని పూర్తి చేయకుండా వదిలేశారు. గోడ మీద వేలు పెట్టి రాస్తే ఉలి గాట్లు తగులుతాయి. పూర్తయిన శిల్పంలో దేవుడు కనిపిస్తాడు, ఇక్కడ పనివాడు కనిపిస్తాడు. సోషల్ టీచర్ని కదా, నాకు ఈ అంతస్తే ఎక్కువ ఇష్టం.

ఉండవల్లి చూశాక మొగల్రాజపురం గుహలు చిన్నబోతాయి. అవి ఊళ్ళోనే ఉన్నాయి కాబట్టి మీరిద్దరూ ఒక సాయంత్రం విడిగా వెళ్ళి రండి.

మధ్యాహ్నం హోటల్ పెట్టుకోకండి. ఇంటికి వచ్చేయండి. ముద్దపప్పు, గోంగూర, గడ్డ పెరుగు, ఆ తర్వాత ఫ్యాను కింద ఒక గంట నిద్ర. అరవై దాటినవాళ్ళకి ఊరు చూపించడంలో ఈ గంట కూడా ఒక భాగమే.

రెండున్నరకి కొండపల్లి బయల్దేరండి. ఇరవై కిలోమీటర్లు పైన. ఖిల్లా జోలికి పోవద్దు. రెడ్డిరాజుల కాలంలో, 14వ శతాబ్దంలో వెలిసిన కోట. గజపతుల చేతుల్లోంచి కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. చూడదగ్గదే గానీ దానికి ఒక పూట మొత్తం కావాలి, మోకాళ్ళు కూడా కావాలి. మీరు బొమ్మలు చేసే వీధికి వెళ్ళండి. షాపులో కొని వచ్చేయకుండా, పని జరుగుతున్న ఇంటి అరుగు మీద కూర్చోండి. ఎవరూ కాదనరు.

అక్కడ ముందు ఒక చెక్కముక్క అడిగి వియ్యపురాలి చేతిలో పెట్టండి. తెల్ల పొణికి. చేతిలో బరువే తెలియదు, ఎండిన బీరకాయ పట్టుకున్నట్టుంటుంది. చుట్టుపక్కల కొండల మీద పెరిగే చెట్టు, ఇప్పుడు తగ్గిపోతోందని చేసేవాళ్ళే బాధపడతారు. పచ్చి చెక్కలో తేమ పోయేదాకా సన్నటి సెగ మీద ఆరబెడతారు. ఏనుగు అంబారీ బొమ్మను ఒకే చెక్కలో చెక్కుతారనుకుంటాం. కాదు. ఒళ్ళు వేరు, తొండం వేరు, చెవులు వేరు, మావటివాడు వేరు. విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో అతికిస్తారు. అతుకుల్ని ఆ మక్కుతోనే నున్నగా పూడ్చి, ఆరాక సుద్ద పూసి, దాని మీద రంగులు వేస్తారు. కంటికి నల్లచుక్క పెట్టేది చిట్టచివర. అది పెట్టేదాకా అది చెక్క, పెట్టగానే మనల్ని చూస్తుంది. అదృష్టం బాగుండి ఆ చుక్క పెట్టే వేళకి మీరు అక్కడుంటే చాలు, ఇంక మీ లిస్టులో మిగిలినవాటి గురించి ఎవరూ అడగరు.

వియ్యాలవారికి పెట్టిపోతల కింద దశావతారాల సెట్టు తీసుకోండి. చీర కంటే ఇది నయం. చీర రంగు నచ్చలేదని అనవచ్చు, దశావతారాలను ఎవరంటారు? బేరం ఆడకండి. ఆడాలనిపిస్తే ఆ మక్కు నూరిన ఆవిడ చేతులు ఒకసారి చూడండి. అయిదింటికి తిరుగు ప్రయాణం కడితే, గొల్లపూడి దగ్గర ట్రాఫిక్ ఉన్నా, రైలుకి గంట ముందు స్టేషన్‌లో ఉంటారు.

ప్రశ్న: గత సంచికలో మీరు "అమరావతి పాలరాతి శిల్పాలు" అని రాశారు. నలభై ఏళ్ళు రాళ్ళతో పనిచేసిన ఇంజినీరును. అది పాలరాయి కాదు, సున్నపురాయి. పాఠాలు చెప్పినవారే ఇలా రాస్తే ఎలా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పు నాదే. అది పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, నున్నగా తేలుతుంది, అందుకే ఇంగ్లీషువాళ్ళు చూడగానే మార్బుల్ అనేశారు. ఇలియట్ దొర తవ్వించి మద్రాసు పంపిన శిల్పాలకు "ఇలియట్ మార్బుల్స్" అనే పేరు స్థిరపడింది. ఆ మాటే మేం పుస్తకాల్లో చదివి, పిల్లలతో చదివించాం. ఎన్ని బ్యాచ్‌లకు ఇలా చెప్పానో లెక్క వేస్తే భయం వేసింది. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీ నోట్సులో దిద్దుకోండర్రా.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. చిన్నప్పుడు అమరావతి దగ్గర పల్లెలో పెరిగారు. ఒకసారి తీసుకెళ్ళమంటున్నారు. గుంటూరు నుంచి ఒక్క పూటలో అవుతుందా? పైగా స్తూపం రాళ్ళన్నీ లండన్ పోయాయి కదా, అక్కడ చూడటానికి ఏముంది?
— ఒక కొడుకు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నాయనా, నాన్నగారు అడిగారంటే ఏముందో ఆయనకి తెలుసు. నువ్వు బండి తియ్యి చాలు.

ఒక్క పూట బ్రహ్మాండంగా సరిపోతుంది. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు. మా స్కూలు పిల్లలతో ఒకసారి సరిగ్గా శుక్రవారమే వెళ్ళి, గేటు కమ్మీల్లోంచి లోపలి తోట చూపించి తీసుకొచ్చాను. హెడ్మాస్టరు గారు ఆ సంగతి నేను రిటైరైన రోజు సభలో కూడా గుర్తు చేశారు.

ముందు స్తూపం దగ్గరికి వెళ్ళండి. నేల చదునుగా ఉంటుంది, మెట్లు లేవు, మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇప్పుడు కనిపించేది గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన రాతిపలకలు. ఇంతేనా అనిపిస్తుంది. ఒకప్పుడు ఊరివాళ్ళు దీన్ని దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తన రాజధానిని అమరావతికి మార్చుకున్నారు. ఊరు కట్టాలంటే ఇటుకా రాయీ కావాలి, దగ్గర్లో దిన్నె ఉంది. తవ్వితే చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ మాట విని సర్వే చేసే దొర, కల్నల్ మెకెంజీ వచ్చాడు. 1816లో మళ్ళీ వచ్చి, మిగిలిన శిల్పాలకు తన మనుషుల చేత కొలతలతో బొమ్మలు వేయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ అవి చాలాకాలం ఎండకీ వానకీ ఆరుబయటే పడున్నాయి. 1859లో వాటిలో ఎక్కువ భాగం ఓడెక్కి లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో వాటికి ప్రత్యేకంగా గదే ఉంది. మరో పెద్ద వాటా చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది.

అంటే మనవాళ్ళు గోడల్లో పెట్టారు, వాళ్ళు గదుల్లో పెట్టారు. దొరలొక్కరినే తిట్టి ఊరుకోవడం నాకు చేతకాదు. అలాగని రాళ్ళు వాళ్ళ దగ్గరే ఉండాలనీ అనను. మెకెంజీ వేయించిన బొమ్మల్లో ఉండి, ఇవాళ ఎక్కడా కనపడని పలకలు కూడా ఉన్నాయి. నా దిగులు వాటి గురించే.

మ్యూజియంలో మిగిలినవి తక్కువేం కాదు. నిలువెత్తు బుద్ధ విగ్రహాలున్నాయి. స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో చూపించే నమూనా ఉంది, నాన్నగారిని దాని ముందు కాసేపు కూర్చోబెట్టు. పలకల మీద పద్మాలు చూడండి, ఒక్కో పద్మంలో రేకుల వరసలు లెక్కపెట్టమని పిల్లలకు పందెం కాసేదాన్ని. రెండో వరస దాటాక అందరూ తప్పేవారు. పూర్ణకుంభం ఉన్న పలక కూడా వదలొద్దు. రాష్ట్ర ప్రభుత్వం కాగితాల మీద కనిపించే ముద్ర ఈ అమరావతి పూర్ణకుంభం నుంచి వచ్చిందే.

అమరేశ్వరాలయానికి మెట్లున్నాయి. నాన్నగారు ఎక్కగలిగితేనే వెళ్ళండి. పంచారామాల్లో ఒకటి. లింగం ఎంత ఎత్తంటే అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. ఎక్కలేకపోతే ఆ కాసేపూ కృష్ణ ఒడ్డున కూర్చోనివ్వు. 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి కింద నుంచి చూస్తే చాలు, పైకెక్కాలని ఏమీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన పల్లె మీదుగా రా. అది ఏ మ్యాపులోనూ నేను చూపించలేను, ఆయన్నే ముందు సీట్లో కూర్చోబెట్టు.

ప్రశ్న: మే నెల సెలవుల్లో హైదరాబాద్ నుంచి పిల్లలతో వచ్చి ఉండవల్లి, కొండపల్లి కోట చూద్దామనుకుంటున్నాం. మీ సలహా?
— కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, పిల్లలెంత? బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. సంక్రాంతి సెలవుల్లో రండి.

ప్రశ్న: బస్టాండు దగ్గర ఉండవల్లికి ఆటో మాట్లాడుకున్నాం. అక్కడ దిగాక వెయిటింగ్ అని, తిరుగు ఖాళీ అని చెప్పి దాదాపు రెట్టింపు తీసుకున్నాడు. రోజంతా మూడ్ పాడైపోయింది. ఇలాంటివాళ్ళతో ఎలా వేగాలి?
— ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: ఎక్కేముందే "రానూ పోనూ, అక్కడ గంటన్నర ఆగడం, అన్నీ కలిపి ఎంత" అని ఒకే మాటలో అడగండి. "వెళ్ళడానికి ఎంత" అని మాత్రం అడగకూడదు. మీరు అలా అడిగారు కాబట్టే అతను సగం జవాబు చెప్పాడు. నాకూ ఇలా జరిగాకే తెలిసింది, ఇందులో నా తెలివేమీ లేదు.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో తరగతి. మాది మంగళగిరి. మా సోషల్ మిస్ "మీ ఊరి చరిత్ర" మీద ప్రాజెక్టు ఇచ్చారు. అందరూ పానకాల స్వామి గురించే రాస్తున్నారు. నేను వేరేగా ఏం రాయాలి?
— ఒక విద్యార్థిని, మంగళగిరి

జవాబు: బంగారుతల్లీ, పానకాల స్వామిని వదిలేస్తే మిస్ ఊరుకోరు. ఎంత పోసినా స్వామి సగం తాగి సగం భక్తులకి వదిలేస్తాడనీ, అంత బెల్లం ఒలికినా అక్కడ చీమలు కనపడవనీ ఊళ్ళోవాళ్ళు చెప్పే మాట నాలుగు లైన్లు రాసెయ్యి. తర్వాత కింద గుడి గాలిగోపురం దగ్గరికి వెళ్ళు. 11 అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య కట్టించింది ఎవరో తెలుసా? వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారే. ఈ పేజీలోనే పైన అమరావతి జవాబు చదువు. అక్కడ దిన్నె తవ్వించిన మనిషే ఇక్కడ గోపురం లేపించాడు. ఒకే మనిషి గురించి రెండు ఊళ్ళు రెండు రకాలుగా ఎందుకు చెప్పుకుంటాయో నీ సొంత మాటల్లో రాయి. నేనైతే నూటికి నూరు వేస్తాను, మీ మిస్ సంగతి నాకు తెలియదు.

ఇంకొక పేజీ ఖాళీ ఉంటే మగ్గం వేసే ఇంటికి వెళ్ళి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి పక్కన ఒక గంట కూర్చో. నిజాం బార్డరు చీర అంటే షాపులో మడత పెట్టి ఉన్నది కాదు, ఆ చప్పుడు. గంటలో ఎన్ని అంగుళాలు నేశాడో స్కేలుతో కొలిచి రాసుకో. నీ క్లాసులో ఆ అంకె నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: నేను ఎమ్మే తెలుగు చదువుతున్నాను. బెజవాడలో గుళ్ళూ గుహలూ తప్ప, భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళు ప్రత్యేకంగా వెళ్ళి చూడాల్సింది ఏదైనా ఉందా?
— ఒక విద్యార్థి, గుణదల

జవాబు: ఉంది. దుర్గమ్మ కొండ మీదే, మల్లేశ్వరస్వామి గుడి దగ్గర. యుద్ధమల్లుడి శాసనం. 10వ శతాబ్దం నాటిది, అంటే నన్నయ్యకి ముందే. రాతి స్తంభం మీద తెలుగు పద్యాలు, మధ్యాక్కరలు. మధ్యాక్కర అంటే నన్నయ్య భారతంలో వాడిన ఛందస్సే. క్లాసులో దీని పేరు రాసుకునే ఉంటావు, ఊళ్ళోనే ఉందని ఎవరూ చెప్పి ఉండరు.

నాకు ఛందస్సు పెద్దగా తెలియదు. మావారు తెలుగు పండితులు, ఆయన వెంటపడి తీసుకెళ్ళారు. పాతికేళ్ళ పైమాటే. నాకు నచ్చింది అందులో విషయం. కుమారస్వామికి గుడి కట్టించానని, మఠం కట్టించానని రాజు చెప్పుకున్నాడు. ఆ తర్వాత, గొరగలు, అంటే శైవ సాధువులు, తప్ప వేరేవాళ్ళు ఈ మఠంలో దిగి మకాం పెడితే పాపమని హెచ్చరించాడు. వెయ్యేళ్ళ క్రితమే బెజవాడలో వసతి కోసం ఎంత గిరాకీ ఉందో చూడు! ప్రయాణాల శీర్షిక రాసేదానిగా అది చదివి పడీ పడీ నవ్వాను.

మావారు ఆ రోజు చూపుడువేలు గాల్లో పెట్టి, రాయి తగలకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నారు. వెనక క్యూలోంచి ప్రసాదం గిన్నెతో ఒకావిడ వచ్చి ఆగింది. ఏదో మంత్రమనుకుంది పాపం, చెంపలు వేసుకుని, "పూర్తయ్యాక మాక్కూడా అర్థం చెప్పండి బాబూ" అంది. ఆయన చెప్పారు. రాజు పేరు, గుడి సంగతి, మఠంలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అయితే మేం కింద సత్రంలో దిగాం లెండి" అని చెప్పి దర్శనానికి వెళ్ళిపోయింది.